ఇల్లు అద్దెకిచ్చేవారికి మార్గదర్శి: తాళం చెవి ఇచ్చే ముందు నుంచి ఇల్లు తిరిగి చేతికొచ్చే దాకా

హైదరాబాద్‌లో ఏ కాలనీ జిరాక్స్ షాపుకు వెళ్ళి 'రెంటల్ అగ్రిమెంట్ కావాలి' అన్నా వంద రూపాయల స్టాంపు పేపరు మీద పది నిమిషాల్లో ప్రింటు తీసి చేతిలో పెడతారు. పేర్లు, అద్దె, తేదీ మార్చడం తప్ప మిగతాదంతా ఏళ్ళ తరబడి నడుస్తున్న ఒకే నమూనా. అద్దె సవ్యంగా వస్తున్నన్నాళ్ళు దాన్ని ఎవరూ తెరిచి చూడరు. అద్దె ఆగిపోయి, ఇల్లు ఖాళీ చేయమంటే 'చేయను' అన్న రోజున బయటకు తీసి చదివితే, మనకు పనికొచ్చే ముక్క అందులో ఒక్కటీ ఉండదు. ఇల్లు ఖాళీ చేయించడంలో ఓనర్లు పడే అవస్థలో పెద్ద భాగం తాళం చెవి చేతులు మారక ముందే మొదలవుతుంది. కాబట్టి ఈ మార్గదర్శిలో ఎక్కువ చోటు ఆ ముందు పనులకే.

ఇందులో రాష్ట్ర చట్టం ప్రస్తావన వచ్చిన చోట తెలంగాణ గురించే చెప్పాం. ఆస్తి బదిలీ, రిజిస్ట్రేషన్, స్టాంపు, ఆదాయపు పన్ను చట్టాలు కేంద్రానివి కనుక ఆ భాగం ఆంధ్రప్రదేశ్‌లో ఇల్లున్నవారికీ పనికొస్తుంది. స్టాంపు సుంకం రేట్లు, అద్దె నియంత్రణ మాత్రం ఏ రాష్ట్రానికా రాష్ట్రమే.

మెట్టు 1: మీ ఇల్లు ఏ చట్టం కిందకు వస్తుందో చూసుకోండి

'రెంట్ కంట్రోల్ కేసు వేస్తాను' అన్న మాట చాలామంది నోట వినిపిస్తుంది. 1960 నాటి భవనాల అద్దె నియంత్రణ చట్టం తెలంగాణలో ఇప్పటికీ ఉంది. కానీ మున్సిపల్ కార్పొరేషన్ పరిధిలో నెల అద్దె 3,500 రూపాయలు, మిగతాచోట్ల 2,000 రూపాయలు దాటితే ఆ చట్టం వర్తించదు. అంటే పాతబస్తీలోనో, పాత బజారు వీధుల్లోనో తాతల నాటి అద్దెకు నడుస్తున్న దుకాణాలు, గదులు మాత్రమే రెంట్ కంట్రోలర్ ముందుకు వెళ్తాయి. అక్కడ ఖాళీ చేయించాలంటే కావాలని అద్దె ఎగ్గొట్టడం, అనుమతి లేకుండా వేరేవాళ్ళకు ఇవ్వడం, ఓనరుకు నిజంగా సొంత అవసరం ఉండటం వంటి కారణాల్లో ఒకటి రుజువు చేయాలి.

మీ ఇంటి అద్దె 8,000 అయినా 80,000 అయినా మీకు వర్తించేది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. దాని ప్రకారం సొంత అవసరం రుజువు చేయనక్కర్లేదు. గడువు అయిపోయినా, నెలవారీ అద్దెను నోటీసుతో సరిగ్గా ముగించినా ఖాళీ చేయమని అడిగే హక్కు వస్తుంది. దావా వేయాల్సింది సివిల్ కోర్టులో.

కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో ఇంటి అడ్వాన్సు రెండు నెలల అద్దె మించకూడదని ఉంది. అది నమూనా మాత్రమే, రాష్ట్రం తన చట్టంగా తెచ్చుకున్నప్పుడే అమల్లోకి వస్తుంది. 'దేశమంతా కొత్త అద్దె రూల్స్' అంటూ వాట్సాప్‌లో తిరిగే మెసేజీ చూసి అగ్రిమెంటు రాసుకోకండి.

మెట్టు 2: సంతకం ఎవరు చేయాలి

ఫ్లాటు భార్య పేరున ఉంటుంది, అగ్రిమెంటులో ఓనరుగా భర్త సంతకం పెడతాడు, అద్దె అతని ఖాతాలో పడుతుంది. మన ఇళ్ళలో ఇది మామూలే. తేడా వచ్చినప్పుడే దీని నష్టం తెలుస్తుంది. నోటీసు ఎవరివ్వాలి, దావా ఎవరు వేయాలి అన్న దగ్గరే అవతలి లాయరు మొదటి అభ్యంతరం లేవదీస్తాడు. పన్ను లెక్కలోనూ చిక్కే. అద్దె ఎవరి ఖాతాలో పడినా ఆ ఆదాయం ఆస్తి ఎవరి పేరున ఉందో వాళ్ళదే. పైగా అద్దెకుండే ఉద్యోగి హెచ్ఆర్ఏ (జీతంలోని ఇంటి అద్దె భత్యం) మినహాయింపు అడిగితే, ఏడాది అద్దె లక్ష దాటినచోట ఓనరు పాన్ ఇవ్వాలి. అక్కడ భర్త పాన్ ఇచ్చి, దస్తావేజు భార్య పేరున ఉంటే రెండు లెక్కలూ కలవవు.

సేల్ డీడ్‌లో ఉన్న పేరే అగ్రిమెంటులో ఉండాలి. ఉమ్మడి ఆస్తి అయితే హక్కుదారులందరూ సంతకం చేయడం మేలు. ఓనరు ఊళ్ళో లేకపోతే పవర్ ఆఫ్ అటార్నీ తీసుకున్నవారు 'ఫలానావారి తరఫున' అని రాసి సంతకం చేయాలి. అద్దెకు ఇచ్చే, అద్దె వసూలు చేసే, నోటీసు ఇచ్చే, దావా వేసే అధికారాలు ఆ పవర్‌లో విడివిడిగా రాసి ఉండాలి.

అద్దెకు వచ్చేవారి నుంచి ఆధార్ (మొదటి ఎనిమిది అంకెలు కనపడని మాస్క్‌డ్ కాపీ చాలు), పాన్, పనిచేసే చోటు గుర్తింపు, సొంతూరి శాశ్వత చిరునామా, దగ్గరి బంధువు ఫోన్ నంబరు తీసుకోండి. శాశ్వత చిరునామా ఎందుకంటే, ఇల్లు ఖాళీ చేసి బకాయి పెట్టి పోయినవారికి నోటీసు పంపడానికి మీ దగ్గర మిగిలే చిరునామా అదొక్కటే. అంతకు ముందున్న ఇంటి ఓనరుకు ఒక ఫోన్ చేయండి. రెండు నిమిషాల ఆ ఫోను ఏ కాగితమూ చెప్పని సంగతి చెబుతుంది. అద్దెదారుల వివరాలు పోలీస్ స్టేషన్‌లో ఇచ్చి, ఇచ్చినట్టు ఆధారం దగ్గర పెట్టుకోండి. విదేశీయులకు ఇల్లిస్తే వారు దిగిన 24 గంటల్లో విదేశీయుల రిజిస్ట్రేషన్ విభాగానికి ఆన్‌లైన్‌లో తెలియజేయాల్సిన బాధ్యత ఓనరుదే.

మెట్టు 3: పదకొండు నెలలా, రిజిస్ట్రేషనా

'పన్నెండు నెలలు దాటితే అద్దెకున్నవాడికి ఇంటి మీద హక్కు వస్తుంది' అన్నది ఊరంతా నమ్మే అబద్ధం. అసలు కారణం వేరు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ కేంద్ర పాఠం ప్రకారం ఏడాది దాటిన లీజును తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలి (ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1999లో ఈ సెక్షన్‌ను సవరించి, గడువు ఎంతైనా లీజులకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది). ఆ ఖర్చు, ఆ తిరుగుడు తప్పించుకోవడానికే 11 నెలలు. అద్దెకున్నవారు ఇరవై ఏళ్ళున్నా, అద్దెదారుగా మీ అనుమతితో ఉన్నంతకాలం ఓనర్లు కాలేరు. అద్దెదారుగా దిగినవారు తాను దిగిననాటి ఓనరు హక్కునే కాదనడానికి సాక్ష్య చట్టమూ ఒప్పుకోదు.

ఏడాది దాటిన లీజును రిజిస్టర్ చేయించకుండా వదిలేస్తే ఏమవుతుంది? మూడేళ్ళకు రాసుకుని, రెండేళ్ళ లాక్-ఇన్ (మధ్యలో ఖాళీ చేయకూడదన్న గడువు) పెట్టుకుని, ఏటా 5 శాతం పెంపు రాసుకున్నారనుకుందాం. ఆ షరతులను అమలు చేయమని కోర్టును అడగలేరు. ఇల్లు అతని చేతిలోకి అద్దెదారుగానే వెళ్ళిందని చూపించేంత వరకు మాత్రమే ఆ కాగితం పనికొస్తుంది. చట్టం దృష్టిలో అది నెలవారీ అద్దె అయిపోతుంది. కాబట్టి దుకాణం, ఆఫీసు, హాస్టలు వంటి వాటికి, అంటే లాక్-ఇన్, పెంపు షరతులే ప్రాణంగా ఉన్నచోట రిజిస్ట్రేషన్ ఖర్చుకు వెనకాడొద్దు. అలా రిజిస్టర్ చేసే లీజు మీద ఓనరు, అద్దెదారు ఇద్దరూ సంతకాలు చేయాలి. ఇంటి అద్దెకు ఎక్కువమంది 11 నెలల కాగితంతోనే సరిపెట్టుకుంటారు. అయితే ఆ 11 నెలల కాగితంలోనే 'మూడేళ్ళ వరకు ఇదే విధంగా కొనసాగును' అని రాయించకండి, ఇది ఏడాది దాటిన లీజే అన్న వాదనకు అది దారి తీస్తుంది. గడువు అయ్యాక కొత్త తేదీతో కొత్త కాగితం రాసుకోండి.

నోటరీ ముద్ర రిజిస్ట్రేషన్ కాదు. సంతకం చేసింది ఫలానా వాళ్ళేనని నోటరీ చెబుతాడు, అంతే. మూడేళ్ళ లీజుకు నోటరీ చేయించి నిశ్చింతగా ఉన్న ఓనర్లు చాలామంది ఉన్నారు.

ఇక స్టాంపు. ఎక్కువమంది చూసుకోనిది ఇదే. లీజు మీద స్టాంపు సుంకం గడువును, మొత్తం అద్దెను బట్టి శాతంగా లెక్కిస్తారు, వంద రూపాయల పేపరు ప్రతి ఇంటికీ సరిపోదు. సరిపోని స్టాంపు మీద రాసిన కాగితాన్ని కోర్టులో పెడితే జడ్జి దాన్ని పక్కన పెట్టి, తక్కువ పడిన సుంకమూ, దానికి పది రెట్ల వరకు పెనాల్టీ కట్టాకే సాక్ష్యంగా తీసుకుంటారు. రిజిస్టర్ కాని కాగితం కొంతవరకైనా పనికొస్తుంది. స్టాంపు సరిపోని కాగితం, సుంకం, పెనాల్టీ కట్టేదాకా దేనికీ పనికిరాదు. మీ అద్దెకు ఎంత సుంకం పడుతుందో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోనో, సబ్-రిజిస్ట్రార్ ఆఫీసులోనో ముందే లెక్క వేయించుకోండి. ఆ కాసిన్ని రూపాయలకు చూసుకుంటే పీకల మీదికి వచ్చాక పది రెట్లు కట్టాలి.

మెట్టు 4: కాగితంలో ఏం రాయాలి

జిరాక్స్ షాపు నమూనాలో అద్దె, అడ్వాన్సు, 'ఇంటిని శుభ్రంగా ఉంచుకోవలెను' వరకు ఉంటాయి. వాటికి తోడు రాయాల్సినవి ఇవి.

అడ్వాన్సు. హైదరాబాద్‌లో ఇంటికి రెండు నెలల అద్దె మామూలు. వచ్చే పేచీ కూడా మామూలే: వెళ్ళిపోయే ముందు రెండు నెలలు అద్దె కట్టకుండా 'అడ్వాన్సులో పట్టుకోండి' అంటారు. వెళ్ళాక చూస్తే కరెంటు బిల్లు బాకీ, వాష్‌బేసిన్ పగులు, తలుపు గడియ ఊడి ఉంటుంది, మీ చేతిలో పైసా ఉండదు. అందుకే ఇలా రాయండి: 'అడ్వాన్సును అద్దె కింద జమ చేసుకొమ్మని అడిగే హక్కు అద్దెదారుకు లేదు. ఇల్లు ఖాళీ చేసి తాళాలు అప్పగించిన 15 రోజుల్లో బకాయిలు, నష్టాలు పోను మిగిలిన మొత్తాన్ని లెక్కతో సహా యజమాని బ్యాంకు ద్వారా తిరిగి ఇవ్వాలి.' చివరి వాక్యం కూడా తప్పక రాయండి. ఓనరు ఎగ్గొట్టడన్న భరోసా ఉంటేనే అవతలివారు చివరి అద్దె కడతారు.

రంగుల ఖర్చు. 'వెళ్ళేటప్పుడు ఒక నెల అద్దె పెయింటింగ్‌కు పట్టుకుంటాం' అన్నది నోటిమాటగా ఉంటే గొడవే. పట్టుకోదలిస్తే మొత్తం అంకెల్లో రాయండి. మూడేళ్ళున్నాక గోడ మాసిపోవడం వాడకం వల్ల వచ్చే అరుగుదల, దానికి కోత పెట్టడం న్యాయం కాదు. మేకులు కొట్టి పెచ్చులు లేపితే అది నష్టం. ఈ రెంటికీ తేడా కాగితంలోనే రాసుకోండి.

గడువు దాటి ఉంటే. 'గడువు లేదా నోటీసు కాలం ముగిశాక ఉన్న ప్రతి నెలకు నష్టపరిహారంగా అద్దెకు రెట్టింపు' అని రాయవచ్చు. రోజుకు ఐదువేలు వంటి బెదిరింపు అంకెలు వేయకండి. రాసింది ఎంతైనా కోర్టు సమంజసమైనంతే ఇప్పిస్తుంది.

నోటీసు కాలం. రెండు వైపులా ఒక నెల. ఏమీ రాయకపోతే నెలవారీ అద్దెకు చట్టం చెప్పేది 15 రోజులు.

వాడకం. 'నివాసానికి మాత్రమే' అన్న మాట, ఎంతమంది ఉంటారో వారి పేర్లు రాయండి. ఇల్లని తీసుకుని హాస్టలో, ఆఫీసో పెడితే కరెంటు కనెక్షన్ గృహ వినియోగం నుంచి వాణిజ్య కేటగిరీకి మారుతుంది, ఆస్తి పన్ను పెరుగుతుంది. తనిఖీలో పట్టుబడితే వచ్చే బిల్లు మీ పేరున వస్తుంది. వేరేవారికి మళ్ళీ అద్దెకివ్వకూడదన్న షరతు కూడా ఇక్కడే పెట్టండి.

బిల్లులు. కరెంటు సర్వీస్ నంబరు, నీటి కనెక్షన్ క్యాన్ నంబరు అగ్రిమెంటులో రాయండి. అపార్టుమెంటు మెయింటెనెన్స్ అద్దెదారు కట్టాలా, అద్దెలోనే ఉందా స్పష్టంగా ఉండాలి. కార్పస్ ఫండ్, లిఫ్టు మార్పిడి, భవనానికి రంగులు వంటివి ఓనరువే. కరెంటు బిల్లులో ఎప్పుడో ఒకసారి ఏసీడీ పేరుతో అదనపు డిపాజిట్ కలిసి వస్తుంది. అద్దెవాళ్ళు 'ఈ నెల ఇంతొచ్చిందేంటి' అని గొడవ పడేది దీని మీదే. ఆ డిపాజిట్ సర్వీసు మీద జమ అయి ఉంటుంది, మనిషి వెంట వెళ్ళదు, కాబట్టి ఓనరే భరించాలి. 'వాడకం చార్జీలు అద్దెదారువి, ఏసీడీ యజమానిది' అన్న ఒక్క వాక్యం చాలు.

గృహజ్యోతి సంగతి కూడా చెప్పాలి. తెల్ల రేషన్ కార్డు ఉన్న అద్దెవాళ్ళు 200 యూనిట్ల లోపు జీరో బిల్లుకు మీ సర్వీస్ నంబరు ఇస్తామంటే భయపడి కాదనకండి. మీటరు మీ పేరునే ఉంటుంది, ఆ పథకం వల్ల వారికి ఇంటి మీద ఏ హక్కూ రాదు. ఒక పేద కుటుంబానికి రావాల్సింది లేనిపోని భయంతో ఆపడం సరైంది కాదు. ఒకే మీటరు మీద మూడు పోర్షన్లు నడిపితే మాత్రం యూనిట్లన్నీ కలిసి 200 దాటిపోతాయి, అందరికీ నష్టం. పోర్షన్‌కో మీటరు పెట్టించడం దీర్ఘకాలంలో చవక.

మెట్టు 5: తాళం ఇచ్చే రోజు

సామాను దిగక ముందు ఖాళీ ఇంట్లో ఫోన్‌తో ఒక వీడియో తీయండి. గుమ్మం దగ్గర మొదలుపెట్టి గది గదికీ వెళ్తూ స్విచ్ వేసి ఫ్యాన్ తిరగడం, కొళాయి తిప్పి నీళ్ళు రావడం, ఫ్లష్ పనిచేయడం, గీజరు లైటు వెలగడం చూపించండి. సింకు కింద వంగి పైపు జాయింటు దగ్గర చెమ్మ ఉందో లేదో చూపించండి. కిటికీ అద్దాలు, దోమల మెష్, బాల్కనీ తలుపు అడుగు చెక్క, బాత్రూం తలుపు కింది భాగం తప్పక రావాలి, నీళ్ళు తగిలి ముందుగా పాడయ్యేవి ఇవే. చివరగా కరెంటు మీటరు దగ్గర ఆగి రీడింగు చదివి వినిపించండి. ఆ వీడియో అద్దెదారుకు వాట్సాప్‌లో పంపి 'సరిగా ఉంది' అన్న జవాబు తీసుకోండి.

దానితోపాటు ఒక జాబితా: ఫ్యాన్లు 4, ట్యూబ్‌లైట్లు 6, గీజరు 1 (కంపెనీ, ఎన్ని లీటర్లు), చిమ్నీ, తాళం చెవులు ఎన్ని జతలు. ఇద్దరూ సంతకం చేసి అగ్రిమెంటుకు జత చేయండి. ఫోన్ మార్చినా ఆ వీడియో పోకుండా చూసుకోండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ ప్రకారం వీడియోలు, వాట్సాప్ మాటలు సాక్ష్యంగా పెట్టాలంటే వాటికి నిర్ణీత నమూనాలో సర్టిఫికెట్ జత చేయాలి. ఉత్త స్క్రీన్‌షాట్ ప్రింటు చాలదు.

మెట్టు 6: నెలనెలా

అద్దె బ్యాంకు ద్వారానే తీసుకోండి. చేతికిస్తే రసీదు ఇచ్చి, దాని రెండో ప్రతి మీద వారి సంతకం తీసుకోండి. బకాయి పడిన అద్దె కోసం దావా వేయడానికి గడువు మూడేళ్ళే. 'పాపం కష్టాల్లో ఉన్నాడు, తర్వాత ఇస్తాడులే' అని ఊరుకున్న పాత నెలలు ఆ గడువు దాటి జారిపోతాయి. కష్టంలో ఉన్నవారికి గడువు ఇవ్వడం తప్పు కాదు, ఇచ్చిన గడువును మాత్రం రాతలో పెట్టండి: 'మార్చి, ఏప్రిల్ అద్దె 44,000 బాకీ ఉన్నాను, జూన్ 10లోగా కడతాను' అని వారి చేత ఒక మెసేజీ చాలు.

ఆస్తి పన్ను మీరే కట్టి రసీదు దాచుకోండి. పన్ను లెక్కలో తగ్గింపు రావాలంటే ఆ ఏడాదిలో మీరు నిజంగా కట్టి ఉండాలి.

మెట్టు 7: ఆదాయపు పన్ను, టీడీఎస్, జీఎస్టీ

లెక్క తేలికే. నెలకు 22,000 అద్దె, ఏడాదికి 2,64,000. కట్టిన ఆస్తి పన్ను 6,000 తీసేస్తే 2,58,000. ఇందులో 30 శాతం, అంటే 77,400, మరమ్మతుల ఖర్చు అయినా కాకపోయినా తగ్గిస్తారు. మిగిలిన 1,80,600లోంచి గృహరుణం వడ్డీ ఉంటే తీసేసి, మిగతా దానికి పన్ను. రంగులు వేయించాం, ప్లంబరుకిచ్చాం అని విడిగా బిల్లులు చూపడానికి వీల్లేదు, అవన్నీ ఆ 30 శాతంలోనే. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టంతో సెక్షన్ నంబర్లు మారాయి, ఈ లెక్క మారలేదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవారు ఒకటి గుర్తుంచుకోవాలి: వడ్డీ అద్దె కన్నా ఎక్కువై నష్టం వస్తే, ఆ నష్టాన్ని జీతంలో తగ్గించుకోవడం పాత విధానంలోనే (2 లక్షల వరకు) కుదురుతుంది.

అద్దె నెలకు 50,000 దాటితే మామూలు వ్యక్తి అయినా అద్దెదారు 2 శాతం టీడీఎస్ (అద్దెలోంచి ముందే పట్టి ప్రభుత్వానికి కట్టే పన్ను) పట్టాలి. 2024 అక్టోబరుకు ముందు ఇది 5 శాతం. 55,000 అద్దె ఏడాదంతా ఉంటే 6,60,000 మీద 13,200. దీన్ని నెలనెలా కాక ఏడాది చివరనో, ఇల్లు ఖాళీ చేసే నెలలోనో ఒకేసారి పట్టుకుంటారు. వారికి టాన్ (పన్ను పట్టేవారు తీసుకునే ప్రత్యేక నంబరు) అక్కర్లేదు, ఇద్దరి పాన్ నంబర్లు చాలు. మీ పాన్ ఇవ్వకపోతే రేటు 20 శాతం అవుతుంది. అద్దెకున్నది కంపెనీ అయితే 10 శాతం, దానికీ నెలకు 50,000 పరిమితే.

ఒక కుటుంబం ఉండటానికి ఇల్లిస్తే జీఎస్టీ లేదు. అదే ఇంటిని జీఎస్టీ నమోదున్న సంస్థ అద్దెకు తీసుకుంటే 18 శాతం ఆ సంస్థే నేరుగా ప్రభుత్వానికి కట్టుకోవాలి. దుకాణాలు, ఆఫీసుల అద్దె ఏడాదికి 20 లక్షలు దాటితే ఓనరు నమోదు చేసుకోవాలి.

విదేశాల్లో ఉన్న ఓనర్లకు

అమెరికాలోనో, గల్ఫ్‌లోనో ఉంటూ కూకట్‌పల్లిలో ఫ్లాటు అద్దెకిచ్చినవారి విషయంలో ఎక్కువ పొరపాటు జరిగేది టీడీఎస్ దగ్గరే. ఓనరు ఎన్ఆర్ఐ అయితే 50,000 పరిమితి లేదు. మొదటి రూపాయి నుంచీ అద్దెదారు 30 శాతం, దాని మీద సెస్సు కలిపి 31.2 శాతం పట్టి కట్టాలి. 40,000 అద్దెలో 12,480 టీడీఎస్ పోగా 27,520 మీ ఎన్ఆర్ఓ ఖాతాకు వస్తుంది. ఇందుకు అద్దెదారు టాన్ తీసుకోవాలి. పట్టకపోతే వడ్డీతో సహా బాధ్యత అద్దెదారు మీద పడుతుంది. ఎన్ఆర్ఐ అన్న సంగతి దాచి ఇల్లిస్తే, ఒక మామూలు ఉద్యోగిని తెలియని చిక్కులోకి తోసినట్టే. మీ అసలు పన్ను అంత ఉండకపోవచ్చు. ఆదాయపు పన్ను శాఖ నుంచి తక్కువ రేటు సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఆ మేరకే పడతారు, లేదంటే రిటర్ను వేసి వాపసు తెచ్చుకోవాలి.

అక్కడి నుంచి పవర్ పంపేటప్పుడు భారత కాన్సులేట్‌లో సంతకం ధ్రువీకరించుకోవాలి, లేదా అపోస్టిల్ (ఆ దేశ ప్రభుత్వం వేసే ధ్రువీకరణ ముద్ర) చేయించాలి. అది ఇండియా చేరిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు సుంకం కట్టించాలి. కొరియర్ కవరు పారేయకండి, ఎప్పుడు చేరిందో చెప్పే ఆధారం అదే.

మెట్టు 8: అద్దె ఆగినా, ఖాళీ చేయకపోయినా

ముందుగా చేయకూడనివి. తాళం మార్చడం, కరెంటు తీయించడం, నీళ్ళు ఆపడం, సామాను బయట పెట్టడం, నలుగురిని పంపి బెదిరించడం. గడువు అయిపోయిన అద్దెదారును కూడా చట్ట ప్రకారమే బయటకు పంపాలి. బలవంతంగా వెళ్ళగొడితే ఆరు నెలల్లోగా దావా వేసి, ఇల్లు ఎవరిదన్న ప్రశ్నతో పనిలేకుండానే తిరిగి లోపలికి రావచ్చు. పైన క్రిమినల్ కేసు. న్యాయం మీ వైపున్నా ఈ ఒక్క పనితో మీరే ముద్దాయి అవుతారు.

చేయాల్సింది లాయరు ద్వారా నోటీసు. అందులో ఇంటి పూర్తి వివరం, అద్దె ఎంత, ఏ నెల నుంచి బకాయి, అద్దె ఒప్పందాన్ని ముగిస్తున్నామన్న స్పష్టమైన మాట, నోటీసు అందిన నాటి నుంచి 15 రోజుల్లో (అగ్రిమెంటులో నెల అని ఉంటే నెలలో) ఖాళీ చేయాలన్న గడువు ఉండాలి. 'బకాయి కట్టకపోతే తగు చర్య తీసుకుంటాం' అని మాత్రం రాస్తే ఒప్పందం ముగిసినట్టు కాదు, దావా అక్కడే కుంటుపడుతుంది. అందినట్టు రుజువు వచ్చేలా పోస్టులో పంపి, అదే ప్రతిని వాట్సాప్‌లోనూ పెట్టండి. కవరు తీసుకోకుండా 'నిరాకరించారు' అని తిరిగి వస్తే తెరవకుండా అలాగే దాచండి. సరైన చిరునామాకు పంపిన నోటీసు అందినట్టే లెక్క.

నోటీసు ఇచ్చాక చాలా కేసులు చెడేది ఒక చిన్న పని వల్ల. మరుసటి నెల అద్దె ఖాతాలో పడుతుంది, ఓనరు మౌనంగా ఉంచేసుకుంటాడు. నోటీసును వదులుకుని అద్దెను కొనసాగించినట్టేనని అవతలివారు వాదిస్తారు. డబ్బు పడిన రోజే ఇలా మెసేజీ పెట్టండి: 'ఈ మొత్తాన్ని అద్దెగా కాక, నోటీసు తర్వాత మీరు ఉన్నందుకు నష్టపరిహారంగా, నా హక్కులకు భంగం లేకుండా జమ చేసుకుంటున్నాను.' 11 నెలల గడువు అయిపోయాక కొత్త కాగితం లేకుండా అద్దె తీసుకుంటూ పోయినా ఇదే సంగతి, అది నెలవారీ అద్దెగా మారి మళ్ళీ 15 రోజుల నోటీసు కావాల్సి వస్తుంది.

కోర్టుకు వెళ్ళే ముందు ఒక దారి ఉంది, ఓనర్లు దీన్ని తక్కువగా వాడతారు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో కేసు వేయక ముందే లోక్ అదాలత్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. కోర్టు ఫీజు లేదు. ఇద్దరినీ పిలిచి కూర్చోబెడతారు. 'సెప్టెంబరు 30లోగా ఖాళీ చేస్తాను, రెండు నెలల బకాయి మాఫీ' వంటి రాజీ కుదిరితే అక్కడిచ్చే అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. చెప్పిన తేదీకి ఖాళీ చేయకపోతే కొత్తగా దావా వేయనక్కర్లేదు, నేరుగా అమలు పిటిషన్ వేయవచ్చు. పెద్దమనుషుల ముందు తెల్ల కాగితం మీద రాసుకున్న రాజీకి ఈ బలం లేదు. పిల్లల పరీక్షలు, ఇంట్లో జబ్బు వంటి నిజమైన ఇబ్బంది ఉన్నచోట రెండు మూడు నెలలు ఇచ్చి ఇలా ముగించడమే ఇరువైపులా మేలు.

అదీ కుదరకపోతే సివిల్ కోర్టులో ఖాళీ చేయించమని, బకాయి ఇప్పించమని, ఖాళీ చేసేదాకా నష్టపరిహారం ఇప్పించమని ఒకే దావా. ఖాళీ చేయించడానికి కోర్టు ఫీజు ఇంటి ఖరీదు మీద కాక ఏడాది అద్దె మీద లెక్కిస్తారు, అందుకే అనుకున్నంత భారం కాదు. కేసు నడుస్తుండగా అద్దె డిపాజిట్ చేయమని కోర్టును అడగడం మరిచిపోవద్దు. ఆదేశించినా కట్టకపోతే అద్దెదారు వాదనను కోర్టు కొట్టివేయగలదు. ఈ పిటిషన్ వేయకపోతే కేసు సాగినన్నాళ్ళూ వారు ఉచితంగా ఉంటారు.

అద్దెవాళ్ళున్న ఇల్లు కొంటుంటే

పెట్టుబడిగా కొనేవారు 'నెలకు ఇంత అద్దె వస్తోంది' అన్న మాట చూసి సంతోషిస్తారు. సేల్ డీడ్‌కు ముందే అద్దెవాళ్ళతో నేరుగా మాట్లాడి ఒక ఉత్తరం తీసుకోండి: అద్దె ఎంత, ఎప్పటివరకు కట్టారు, అడ్వాన్సు ఎంత, తమకు అద్దెదారు హక్కు తప్ప వేరే హక్కు లేదు. 'ఈ ఇల్లు నాకే అమ్ముతానని బయానా తీసుకున్నారు' అన్న మాట బయటపడేది ఇక్కడే. వాళ్ళిచ్చిన అడ్వాన్సును అమ్మేవారి ధరలోంచి తగ్గించుకోండి, రేపు తిరిగి అడిగేది మిమ్మల్నే. పాత అగ్రిమెంటు అసలు ప్రతిని అడిగి తీసుకోండి.

రిజిస్ట్రేషన్ అయిన రోజే ఓనరు మారినట్టు, ఇకపై అద్దె ఫలానా ఖాతాలో వేయాలన్నట్టు పాత, కొత్త ఓనర్లిద్దరి సంతకాలతో అద్దెవాళ్ళకు ఉత్తరం ఇవ్వండి. అది అందక ముందు వారు తెలియక పాత ఓనరుకు కట్టిన అద్దెను మీరు మళ్ళీ అడగలేరు. కొనక ముందు నెలల బకాయి కూడా సేల్ డీడ్‌లో ప్రత్యేకంగా రాయించుకుంటే తప్ప మీకు రాదు.

మెట్టు 9: ఖాళీ చేసే రోజు

సామాను లారీ ఎక్కాక, మనుషులు వెళ్ళక ముందు మొదటి వీడియో పక్కన పెట్టుకుని అదే వరుసలో ఇల్లంతా చూడండి. కరెంటు మీటరు రీడింగు తీసి, చివరి బిల్లు తర్వాత కాలిన యూనిట్లకు లెక్క కట్టండి. నీటి బిల్లు, అసోసియేషన్ బాకీ లేదన్న చీటీ తీసుకోండి. కోతలేమైనా ఉంటే ఒక్కొక్కటి విడిగా రాయండి: గీజరు ఎలిమెంటు ఇంత, విరిగిన కిటికీ అద్దం ఇంత. ఎన్ని తాళం చెవులిచ్చారో అన్నీ వచ్చాయా చూసుకుని 'ఫలానా తేదీన ఇంటిని ఖాళీగా అప్పగించాను, అడ్వాన్సు లెక్క సరిపోయింది, ఇక ఏ బాకీ లేదు' అని సంతకం తీసుకుని, మిగిలిన అడ్వాన్సు అక్కడే బదిలీ చేసి, కొత్తవారికి ఇచ్చే ముందు తలుపు తాళం లీవర్ మార్పించండి.